కడుపులో గింజలు

ఆయన ఇంటిపేరు ఛే.
నేను పిలిచినప్పుడల్లా మా అవ్వ
"ఎవర్ని తిడుతున్నవురా" అంటది.

గీసుగొండ బట్టల మిల్లు నుంచి పెంబర్తి దాకా
తువ్వాల్ల చుట్టి, ఒళ్లో పెట్టుకొని
జానెడు బుద్ధుణ్ణి తెచ్చిండు.
కంచు మీద బంగారు పూత.
వాళ్ల దేశంల ఏ కొండగుడిలో
ఎన్నేండ్లు కూసున్నడో,
కుడి మోకాలు మీద మాత్రం పూత లేదు.
మొక్కిన వేళ్లు ఎత్తుకపోయినయి.

"పీట ఊగుతది, బిగించు"
వచ్చీరాని తెలుగుల అంతే అన్నడు.

రాత్రి బల్బు కింద బోర్లిస్తే
అడుగు రేకు దానంతటదే ఊడింది.
అయిదు రంగుల దారం, మడిచిన కాగితం,
ఆ వెనక గలగల
వడ్లు, నువ్వులు, పేరు తెల్వని పప్పుగింజలు.

నలభై ఏండ్లు ధ్వజస్తంభాలకు
ఇత్తడి తొడిగిన చెయ్యి
సుత్తి కింద పెట్టింది.

"మనం గుంటల పోస్తం నవధాన్యాలు,
వాళ్లు కడుపుల పోసిండ్రు" అని సుభద్ర
ఒక్కొక్కటి ఏరి చేటల పెట్టింది. ముప్పై ఒకటి.
కాగితం విప్పలే.
దేవుడి కడుపుల మాట మనకెందుకు.

తెల్లారి లెక్కపెడితే ముప్పై.
ఎలుకనో, గాలినో.
సుభద్ర ఏమనకుండ లోపలికి పోయి
గుమ్మిలకెంచి ఒక్క సోన వడ్లగింజ తెచ్చి
అందుల కలిపింది.
నేను రేకు అతికిన.
మోకాలు దిక్కు మెరుగురాయి పోనియ్యలే.

ఆయన వచ్చి, చెవి కాడ పెట్టుకొని ఊపిండు.
గలగల.
చిన్నపిలగాని లెక్క నవ్వి
తువ్వాల చుట్టుకొని మెట్లు దిగిండు.

చెప్పాల్నా, వద్దా.
నోరాగలే.
"ఛే" అన్న.
ఆయన తిరిగి చూసిండు.