అట్టముక్కకు ఒక కిటికీ

పసుపుపూలు కొండ దిగే నెల.
దెస్సీలో ఆ నెల మబ్బుకు కూడా బడి తెరుస్తారు.
కిటికీలోంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది.
అరవై రెండుమంది పిల్లలు, మబ్బొకటి, నేనొకతెను.

గోడకు ఫిదెల్ పటం, మా అక్షరాలు కాపురముండే ఇల్లు.
ముప్పైమూడు వరసలు, వరసకు ఏడేసి గుణింతాలు.
ల లూ లీ లా లే ల్ లో
బెత్తం చివర నడుస్తుంటే
కప్పు రేకులు అదిరేలా పాడతారు.
పద్నాలుగేళ్ళు ఆ పాటనే
చదువనుకున్నాను.

త్సిగెరెడా గొంతు అందరికన్నా పైన.
ఒకరోజు బెత్తం జారి
పటం నట్టనడుమ ఆగింది.
"ఇదేమిటమ్మా?" అన్నాను, ఊరికే.
పిల్ల మొదటినుంచీ ఎత్తుకుంది.
బావిలోంచి చేద లాగినట్టు
ఒక్కో వరసా లాక్కుంటూ వచ్చి
ఆ అక్షరాన్ని చూడకుండానే
దాటి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం.
పట్టింది. పొద్దున్నే లేచి
సబ్బుపెట్టె అట్ట చించి
మధ్యలో కిటికీ కోశాను, అక్షరమంత.
పటం మీద ఎక్కడ ఆనిస్తే అక్కడ
ఒకే ఒక్క మొహం బయటికి చూస్తుంది.
అటు అక్క లేదు, ఇటు తమ్ముడు లేడు.
పాట ఆగిపోయింది.
అరవై రెండు జతల కళ్ళు పనిచేస్తున్న చప్పుడు
అప్పుడు విన్నాను.

పిలిస్తే వచ్చాడు త్సిగెరెడా నాన్న, గెబెయెహు.
మినీబస్సు తలుపుకు వేలాడి
దిగేచోట్ల పేర్లు అరిచే మనిషి.
బొంగురు గొంతు, జేబునిండా చిల్లర.
గుమ్మంలోనే నిలబడి
"కొట్టమంటారా?" అన్నాడు.
కూర్చోమన్నాను.
రాత్రిపూట కాసేపు పక్కన కూర్చుని
చదివించుకోమన్నాను.
"నాకు రాదు టీచరమ్మా."
"మరీ మంచిది."

నోరు జారిన మాటే. అయినా వెనక్కి తీసుకోలేదు.
చదువొచ్చిన మేం ఆగలేం గెబెయెహూ.
పిల్ల నోరు తెరిచేలోపే మాట అందించేస్తాం,
నడక నేర్చేవాణ్ణి చంకనెత్తుకున్నట్టు.
మీకైతే ఆగక తప్పదు.
వేలు పెట్టి చదవమనండి.
తడబడితే కాఫీ ఊదుకోండి, వేడిగా లేకపోయినా.
బొమ్మలో గాడిద ఎందుకు ఏడుస్తోందో అడగండి.
తర్వాతేమైందో అడగండి.
అల్లి చెప్పినా సరే, వినండి.

వాళ్ళింట్లో ఒకే పొడితో మూడు వాయిల కాఫీ.
మొదటి వాయికి పుస్తకం తలకిందులుగా ఉందట.
గాడిద కాళ్ళు ఆకాశంలో ఉన్నాయేమని
గింజలు వేపుతూ అడిగిందట తల్లి వర్కినేష్.
రెండో వాయికి రెండు మాటలు.
మూడో వాయికి పిల్ల నిద్ర.
పాపం, గాడిద మర్నాటిదాకా
ఏడుస్తూనే ఉండాల్సి వచ్చిందట.

చలికాలంలో ఒక సాయంత్రం
అతని బండే ఎక్కాను.
తలుపులోంచి సగం బయటికి వంగి
"దాబో బేత్! దాబో బేత్ దిగేవాళ్ళు!"
రొట్టెలంగడి ముందు ఆగే చోటు.
పదకొండేళ్ళుగా అదే అరుపు.
బండి ఆగింది. ఒక ముసలమ్మ కోడితో దిగింది.
డ్రైవరు హారన్ కొట్టాడు.
గెబెయెహు తలుపు వేయలేదు.

జేబులోంచి అగ్గిపెట్టె అట్ట తీశాడు.
దానికి మధ్యలో కిటికీ.
ఒక కన్ను మూసి, చెయ్యి చాచి
అంగడి బోర్డు మీద ఆనించాడు.
"దా..." అన్నాడు.
సంతంతా వినేలా అరిచే ఆ గొంతు
గుసగుసగా కూడా పలుకుతుందని నాకు తెలీదు.
అట్ట కొంచెం పక్కకు జరిపాడు.
ఆగాడు.
వెనకసీటు మనిషి గొణిగాడు. మళ్ళీ హారన్.

నా నాలుక చివరకొచ్చి కూర్చుంది
రెండో అక్షరం.
ఊదుకోవడానికి చేతిలో కాఫీ లేదు.
పళ్ళు బిగపట్టి
కొండమీది మబ్బునే చూస్తూ ఉండిపోయాను.