రెండు కిలోల దాణా

రెండు వారాల కూలి కింద
కేశవులు సారు నాలుగు కోళ్లిచ్చిండు.
ముదిరిన బ్యాచంట, తెల్లారితే లారీ ఎక్కేటివి.
యూరియా సంచులల్ల తెచ్చిన.
మెడల మీద ఈకల్లేవు,
మా అత్తకు టైఫాయిడొచ్చి
జుట్టంత ఊడినప్పటి తీరు.

వాకిట్ల ఇడిస్తే కదలలే.
ఏడాదిన్నర తీగెల మీద నిలబడ్డ కాళ్లాయె,
మన్ను తగిలితే సుర్రుమన్నట్టు
ఒక్కో కాలు ఎత్తి పట్టుకున్నయి.

పక్కింటి ఉసేనమ్మ దోసెడు జొన్నలు చల్లింది.
ఆమె నాటుకోళ్లు ఉరికొచ్చి ఏరుకున్నయి.
నావి చూసినయి.
ఒకటి పొడిసింది, గింజ జారింది.
మల్ల పొడిసింది.
మల్ల జారింది.
"గుడ్డిదానే ఇది?" అన్నది ఉసేనమ్మ.

గుడ్డిది కాదు.
ముక్కు కొనలు కాల్చి కోసేటి మిషినుంటది.
పెట్టను పట్టి, తల వంచి,
మిషినుకు అందిచ్చేటి పని నాది.
పెట్టకు రూపాయి.
ఆ దినం నూటా నలభై సంపాయించిన,
పిల్లగానికి చెప్పులు కొన్న.

ఉసేనమ్మకు ఇదేం చెప్పలే.

బాదేపల్లి గంజ్ల
బుచ్చిలింగం సేటు దుకాన్ల
మూతులు తెరిచిన సంచులు:
జొన్నలు, సజ్జలు, మక్కనూక, తవుడు,
చివరికి, గోడవారకు, లేయర్ దాణా.
ఆరేండ్లు మోసిన ఆ దాణా.
బరువెరుక, వాసనెరుక,
రాత్రి తలల నుంచి రాలే దుమ్మెరుక.
ధర మాత్రం ఎన్నడు అడిగింది లేదు.

"ఏం కోళ్లమ్మా?"
"ఫారంవి."
సేటు నవ్విండు.
"నాలుగొద్దులైతే కూరకేనాయె,
వాటికి దాణా ఎందుకు?
నూకలు తీస్కపో, ఇరవై ఎనిమిదే."

నేను సంచిల మోచేతి దాంక చెయ్యి పెట్టిన.
పైన పొడి. అడుగున చల్లగ, గడ్డ.
గడ్డను చిదిమి ముక్కు కాడ పెట్టుకున్న.
"సేటూ, ఇది మొన్నటి వానకు తడిసింది.
ఇది తింటే పచ్చగ పారుతయ్,
మూడోనాడు మెడలు వాలేస్తయ్.
కొత్త సంచి ఇప్పు."

"కిలో కోసం సంచి ఇప్పాల్నా?"

"రెండు కిలోలు."

ఎందుకన్ననో తెల్వదు.
కొంగు ముడిల తొంభై రూపాయలే ఉండె.
డెబ్బై ఆరు దాణాకు పాయె.
ఐదు రూపాయలకు గుల్లపొడి,
గుడ్డుకు డొల్ల గట్టిపడాలె గద.
మిగిలింది తొమ్మిది.
ఆటోకు ఇరవై.
సేటు మాట్లాడకుంట తూచిండు,
తూచినంక ఒక గుప్పెడు మీద పోసిండు.
నేను వద్దనలే.

ఎండల నడుచుకుంట వచ్చిన.
దాణా సంచి సంకల పెట్టుకుంటే
ఎదకు వెచ్చగ తగిలింది.

గంజి నీళ్లల్ల తడిపి, పళ్లెంల పెట్టిన.
నాలుగూ వరుసగ నిలబడ్డయి.
కాళ్లు కదపకుంట
మెడలు మాత్రం ముందుకు సాపి తిన్నయి.
మధ్యల తీగెలు ఉన్నట్టే.
ఎవరో తొక్కుతరన్నట్టే
ఒకదానికొకటి ఒరుసుకొని.

తెల్లారి పళ్లెం జానెడు దూరం జరిపిన.
మెడలు సాపినయి, అందలే.
చూసుకుంట కూసున్న.
పొయ్యి మీద బువ్వ మాడింది.
చాలాసేపటికి ఆ బోడిమెడది
ఒక అడుగేసింది.

ఇంకో పొద్దు ఇంకో జానెడు.
దాణాల చిటికెడు మక్కనూక కలిపి,
మరునాడు రెండు చిటికెళ్లు.
ఒకటి ఇంకా గోడకు ఆనుకొనే ఉన్నది,
దానికి నా చేతులతోనే పెడుతున్న.
ఈ చేతులను అది గుర్తు పట్టలేదో,
పట్టినా ఆకలైతుందో.

ఐదోనాడు పొద్దుగాల
కట్టెలమోపు సందుల
ఒక తోలుగుడ్డు, మెత్తగ, వెచ్చగ.
పట్టుకొని లేచి,
అలవాటు కొద్ది
"ఒకటి" అని గట్టిగ అన్న.
రాసుకునేటోడు ఎవరూ లేడు.