రెండో గాడి

మూడోసారి ఆగిపోయింది కంప్యూటరు,
ఈసారి శ్రద్ధాంజలి కార్డు మీద.
కీ.శే. బండారి, అని కొట్టిన.
బండారి వచ్చింది.
ఎల్లమ్మ రాలేదు.
నీలం చక్రం తిరుగుతున్నది, తిరుగుతున్నది,
బావిల గిలకకు చేద లేనట్టు.
ఎల్లుండి పొద్దున ఎనిమిదికి
ఎల్లమ్మ కొడుకు వస్తడు వంద కార్డులకు.

రాంనగర్ల మాది రెండర్రల పోర్షన్.
కుట్టుమిషన్ పక్కన కంప్యూటరు,
దాని మీద ఇస్త్రీకి పోవాల్సిన బట్టలు.
కొత్తది కొనే ముచ్చట
మూడు దసరాల నుంచి వాయిదా.

సికింద్రాబాద్ పార్క్ లేన్ల, మెట్ల కింద దుకాణం.
వహీద్ భాయ్ స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకొని చెప్పిండు:
"హార్డ్ డిస్కంటే అల్మారా అక్కా. మీ అల్మారా సగం ఖాళీ.
ర్యామంటే వంటగట్టు.
కత్తిపీట పెడితే పిండితట్టకు జాగ లేదు మీకు, అంతే."
ఈయన మా వంటిల్లు ఎప్పుడు చూసిండని నవ్వొచ్చింది.
"మరి కరెంటు పోతే?"
"గట్టు తుడిచినట్టే. ఏం మిగలదు."

సెకండ్ హ్యాండ్, నాలుగు జీబీ, ఏడువందల యాభై.
ఏదో బ్యాంకు పాత మిషన్లది.
"ఎవరి లెక్కలూ గుర్తుండవు దీనికి, భయపడకుండ్రి,"
అని ఆయన అన్నంకనే
భయమయింది.

వెండి రంగు కవర్ల చిన్న పట్టీ,
రవికె అంచు ముక్కంత.
ఒంటికాలి మీద నిలబడి వచ్చిన బస్సుల.
"లోపటికి జరుగుండ్రమ్మా, ఎనక ఖాళీ ఉన్నది!"
కండక్టరు అరుస్తనే ఉన్నడు.
నేనెక్కిన ఏ బస్సులనూ
ఎనక ఖాళీ ఉండంగ చూడలే.

రాత్రి, ప్లగ్గు పీకి,
వహీద్ భాయ్ చెప్పినట్టు
ఇనుప బీరువా ముట్టుకొని ఒంట్ల కరెంటు దించుకున్న.
సింధూజ ఫోన్ టార్చి పట్టింది.
మూత తీస్తే
దుమ్ము, బల్లిగుడ్డు పెంకు,
నా కుట్టుమిషన్ల నుంచి ఎప్పుడు ఎగిరిపోయిందో
ఎర్రదారం పోగు ఒకటి.
దాని ఎనక,
పాత పట్టీ పక్కన,
కొన్న నాటి నుంచి ఎవ్వరూ కూసోని
రెండో గాడి.
కండక్టరు మాట
ఇక్కడ నిజమయింది.

పెట్టిన. స్విచ్చేసిన.
కూ, కూ, కూ.
తెర మాత్రం నల్లగనే.
ఏడువందల యాభై కండ్ల ముందర తిరిగినయ్.
"మమ్మీ, పండ్లు తోమలే దానికి," అన్నది పిల్ల.
మామిడిపండు వాసనొచ్చే తన రబ్బరుతోటి
పట్టీ బంగారుపండ్లు మెల్లగ రుద్దింది.
ఈసారి రెండు బొటనవేళ్లు ఆనిచ్చి
పచ్చడిజాడీ మూత నొక్కినట్టు నొక్కిన.
టక్.

రెండుండేది
ఆరయింది.
పదకొండేండ్లల్ల
మా ఇంట్ల పెరిగిన జాగ ఇదొక్కటే.

పెండ్లిపత్రిక తెరిచిన, మూసుకోలే.
కిరాయి అగ్రిమెంటు తెరిచిన, కసురుకోలే.
పిల్ల సైన్సు ప్రాజెక్టుల శనిగ్రహం
వలయాలతోటి సహా వచ్చి కూసున్నది.
అందరి నడుమ ఎల్లమ్మ,
ఎవరి మోచెయ్యీ తగలకుండ.

బ్యాంకు పట్టీ ఏమన్న యాది చేసుకుంటదా అని
కొద్దిసేపు చూసిన.
ఎవరి బాకీలూ పైకి రాలే.
ఫ్యాను ఒకసారి మెల్లగయి మళ్లీ తిరిగింది.
కరెంటు మీద నమ్మకం లేక,
గట్టు కడిగే ముందు
కూర గిన్నెలకు తీసినట్టు
గబగబ సేవ్ కొట్టిన.

పొద్దున ఆ కొడుకు
కార్డు కండ్ల దగ్గర పెట్టుకొని
వేలితోటి అమ్మ పేరు తడిమి చూసుకున్నడు:
లకు ల వత్తు,
మకు మ వత్తు.
రెండూ ఉన్నయ్.