వంతెన మీద గంట

"పదికి ఎన్ని మార్కులు వేస్తారు మీ బతుక్కి?"
అని అడిగింది పిల్ల.
లా పాజ్ నుంచి వచ్చిందట. పేరు యరీత్సా.
చలిగాలికి పెదాలు పగిలాయి.
చేతిలో ఫోను, ఫోను నిండా ప్రశ్నలు.
"ఏ ఒడ్డు బతుక్కి?" అన్నాను.
"అదే మా పరిశోధన," అంది.

దెసాగ్వాదెరో. ఏరు ఒకటే, ఊరి పేరూ ఒకటే,
దేశాలు రెండు.
ఇవతల పెరూ, అవతల బొలీవియా, నడుమ వంతెన,
వంతెన మీద నేనూ నా మూడు చక్రాల బండీ.
సంత రోజున నలభైసార్లు దాటుతాను.
అటునుంచి వంటనూనె, గ్యాసు బండలు,
ఇటునుంచి ఉల్లిపాయలు, ప్లాస్టిక్ కుర్చీలు,
ఒకసారి ఎవరి పెళ్ళిలోనో మోగాల్సిన పెద్ద డోలు.
దాని మీద చినుకు పడకుండా నా దుప్పటి కప్పి
నేను తడిశాను.

అవతలి గడియారం ఒక గంట ముందు నడుస్తుంది.
వెళ్తూ పారేసుకున్న గంటని
వస్తూ ఏరుకుంటాను.
బండికి కట్టిన ఇత్తడి గంటని
ఎవడో ఎప్పుడో ఊడబీక్కుపోయాడు కనక
వంతెన మీద నాకున్న గంట ఇదొక్కటే.

"ధరలు?" అంది.
పోయినేడు అవతల నూనె చవక, ఈ యేడు ఇవతల.
మా ఆవిడ యులోహియా రెండు ఖాళీ సీసాలతో
గుమ్మంలో నిలబడుతుంది,
ఈ పూట ఎటు వెళ్ళమంటావని.
దూరపు కొండలు నునుపంటారు.
ఇక్కడ దూరం ఎక్కడుందమ్మా?
అవతల దుంపలు ఉడికితే ఆవిరి ఇవతల తగులుతుంది.
గరుకు కూడా అంతే, చేతికి తగులుతూనే ఉంటుంది.

"ఆసుపత్రి?" అంది.
అప్పుడు చెప్పాను మా అమ్మ బాసిలియా సంగతి,
జూన్ మంచు మీద జారి తుంటి విరిగిన రోజు.
ఇవతల డాక్టరున్నాడు, ఎక్స్‌రే మిషను చెడిపోయింది.
అవతల కొత్త మిషను, రిబ్బను కూడా విప్పలేదు,
డాక్టరు లేడు.
ఉల్లి బస్తాల మీద అమ్మని పడుకోబెట్టి తొక్కాను.
పావుగంట దారి.
పదకొండుంపావుకి బయల్దేరి
పన్నెండున్నరకి చేరాను.
మిషను అతను భోజనానికి వెళ్ళిపోయాడు.

రెండు గంటలు గోడ నీడన.
అమ్మ మూలగలేదు.
"ఫెర్మీన్, ఇలాంటి మిషను ఎంతుంటుందిరా?"
అని మాత్రం అడిగింది,
సంతలో గొర్రెని బేరమాడినట్టు.

ఫిల్ము పట్టుకుని తిరిగొచ్చేసరికి
పోయిన గంట మా గుమ్మంలోనే కూచుని ఉంది.
డాక్టరు తెల్లకోటు విప్పుతున్నాడు,
ఒక చెయ్యి ఇంకా లోపలే ఉండగా పట్టుకున్నాం.
ఒక దేశం మింగిన గంటని
ఇంకో దేశం కక్కింది.

ఎటువైపు బాగుందే అని తర్వాతెప్పుడో అడిగితే
"అటువైపు పరుపు మెత్తన,
ఇటువైపు నర్సు చెయ్యి మెత్తన" అంది అమ్మ.
"ఐమారాలో ఏడిస్తే మాత్రం
రెండు వైపులా అర్థమైంది."

పిల్ల ఫోనులో పైకీ కిందికీ చాలాసేపు వెతికింది.
"దీనికి గడి లేదు," అంది.
"పోనీ మార్కులు చెప్పండి. తొందరేం లేదు,
ఆరింటికి నా బస్సు, ఐదు కూడా కాలేదు."
"నీ బస్సు ఏ ఒడ్డున?"
ఒక్క క్షణం.
మొహం సున్నం కొట్టినట్టయింది.
"ఎక్కు," అన్నాను.

ఈ వంతెన నడుమ వీపులా ఉబ్బి ఉంటుంది.
ఎటునుంచి వచ్చినా ఎక్కుడే, సగం దాకా.
నా ఊపిరి చప్పుడు విని
పిల్ల తనంతట తనే దిగింది.
ఫోను జేబులో దోపి, వంగి, వెనకనుంచి తోసింది.
నేను నోటితోనే గంట కొట్టాను,
తప్పుకోండి, తప్పుకోండి!

"ఆరు వేసుకో!" అని అరిచాను.
ఏ దేశానికని అడిగిందో లేదో
వినపడలేదు,
పల్లం మొదలైంది.