ఒకే పట్టీ మీద ఇద్దరు

రాత్రి పదిన్నర, వడ్డేపల్లిల.
కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి
ఇప్పుడే నిలవడ్డది.
బల్ల మీద నా కంప్యూటరు
పక్క తలుపు లేకుంట, పేగులు బయటేసుకొని.
నేనే కట్టిన, నాకే సమజ్ గాని ఇల్లు.

మదర్‌బోర్డు హన్మకొండ చౌరస్తాల కొన్న,
ర్యాము సీనియరు దగ్గర నూటయాభై బాకీ పెట్టి తెచ్చిన,
సీడీ డ్రైవు మాత్రం
కాజీపేటల మూతపడ్డ నెట్ సెంటరుది.
మూతి మీద ఇంకా ఏడో నంబరు స్టిక్కరు.

బటన్ నొక్కితే నాలుక చాపుతది.
మళ్ల నొక్కితే మింగుతది.
పచ్చ లైటు గూడ మిణుకుమంటది.
అంటే అన్నం అందుతున్నది, మాటే అందుతలేదు.
నల్ల తెర మీద మిషిని హాజరు పిలుస్తది.
హార్డ్ డిస్కు పలుకుతది.
దీని వంతు వచ్చేసరికి
లేదు, అంటది.
ఎదురుంగనే కూసున్నోన్ని
లేడని రాసుకునుడు
నాకు ఫస్టియర్ నుంచే ఎర్క.

సీడీ తాత చేతిలనే ఉన్నది.
ఎవరో చదువుకునే పిలగాడు పోయిన ఎండాకాలం వచ్చి
మూడు పొద్దులు మైకు పెట్టి
జీతమున్ననాటి ముచ్చట్లన్నీ పట్టుకపోయిండు.
ఇప్పుడు పోస్టుల ఇది పంపిండు.
మీద మార్కర్ రాత: యాకయ్య, నలభై నిమిషాలు.
తాత దాన్ని అద్దం లెక్క పట్టుకొని
మీసం సూసుకుంటున్నడు.
"అయిందా సుగునా?"
"కాలే."
"నేను ఈడ ఉండంగ, దాన్ల నన్ను ఎతుకుడేందే?"

పవర్ వైరు మార్చిన.
పట్టీ గుంజి మళ్ల పెట్టిన, ఎర్ర గీత ఎటున్నదో సూసిన.
సూదులు వంగినయేమో అని టార్చి పట్టిన.
నయీమ్‌కు ఫోన్ జేస్తే
అన్నం నములుకుంటనే అడిగిండు:
"జంపర్ సూసినవా?"

డ్రైవు ఎనుక, జొన్న గింజంత నల్ల టోపి.
ఏ రెండు సూదుల మీద కూసుంటే
డ్రైవుకు ఆ హోదా.
ఒకటి మాస్టర్. ఒకటి స్లేవ్.
హార్డ్ డిస్కు మాస్టర్.
ఇది గూడ మాస్టరే,
నెట్ సెంటర్ల ఒక్కటే ఏలిన అలవాటు.

తాత అడిగిండు, గవేం మాటలని.
చెప్పాలె గద.
"ఒకటి దొర, తాతా. ఇంకోటి..."
ఆగిన.
"జీతగాడా?" తనే అన్నడు, పండ్లు లేని నవ్వుతోటి.
"గా డబ్బాల గూడ గడి ఉన్నదా?"

పట్కారుతోటి టోపి తీసిన.
పక్క సూదులకు జరిపితే పనైపోతది.
జరపబోయిన. చెయ్యి రాలే.
గడి ముంగట పన్నెండేండ్లు
చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోడు
మంచం మీదికెళ్లి నా ఏలు దిక్కే సూస్తున్నడు.

మూడో జాగ ఒకటున్నది.
రేకు మీద రెండే అక్షరాలు, సీ ఎస్.
ఎవరేందో మీరు కొట్లాడకుండ్రి,
ఎవరేడ కూసున్నరో పట్టీయే సూసుకుంటది, అని దానర్థం.
ఇదేం ఇన్సాఫ్ గాదు, నాకు ఎర్కే.
లోపలి తీగ ఇంకా ఒకన్ని ముందు పిలుస్తది, ఒకన్ని ఎనుక.
అయినా రెండింటికీ
టోపి ఒక్కతీరుగనే పెట్టిన.

స్విచ్చేసిన.
హార్డ్ డిస్కు పలికింది.
కొద్దిగ ఆగి, దగ్గినట్టు మోటరు కదిలి
కాజీపేట ఏడో నంబరు
తన పేరు తాను చెప్పుకున్నది.

తాత చేతిలకెళ్లి సీడీ తీసుకొని
ఏలిముద్రలు చున్నీ అంచుతోటి తుడిచి
నాలుక మీద పెట్టిన.
గుంయ్యిమని తిరిగింది.
స్పీకర్ల ముందు ఉత్త గాలి. దూరంగ మా కోడి.
తర్వాత తాత గొంతు.
ముచ్చట గాదు, ఇంకా మొదలే పెట్టలే:
"ఇగో పిలగా, ఇనవడ్తుందా?"

మంచం మీది తాత
నడుం లేపి, స్పీకరు దిక్కు వంగి
పెద్దగ జవాబిచ్చిండు:
"ఆ, ఇనవడ్తుంది. చెప్పు."