ఇంటర్వెల్ లేని చోట

షెఫీల్డ్‌లో సినిమాకి ఇంటర్వెల్ ఉండదు.
అదే నా మొదటి ఇబ్బంది.
ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగదీశాడు అని
ఊహ తెలిసినప్పటి నుంచీ తీర్పులు చెప్పిన నోటికి
దీన్ని ఎక్కడ తుంచి రుచి చూడాలో తెలీదు.
రెండు గంటల నలభై నిమిషాలు
ఒకటే ముద్ద. మింగాల్సిందే.

మూడో భాగం, ఆఖరిది.
ముసుగేసుకుని, పడేవాటిని పట్టుకునేవాడి కథ.
ఎగరడు, కొట్టడు. పట్టుకుంటాడంతే.
అందుకే వాడంటే ప్రాణం,
నాకూ, ఫర్హీన్‌కీ.

మొదటి భాగంలో వాడు లిఫ్టు పట్టుకున్నాడు.
ముప్పై రెండో అంతస్తు నుంచి జారుతున్న లిఫ్టు,
లోపల ఒక పియానో, ఒక పెళ్లికూతురు.
నేను లిఫ్టులు బాగుచేసేదాన్ని.
లిఫ్టు అలా పడదని నాకు తెలుసు.
ఆరు తాళ్లుంటాయి, ఒక్కటి మిగిలినా మోస్తుంది.
ఆరూ తెగితే, పట్టాలను కరిచిపట్టే ఉక్కు దవడలుంటాయి.
ఫర్హీన్ చెవిలో ఇదంతా చెప్పబోయాను.
తను నా ముంజేయి పట్టుకుని ఉంది, గోళ్లు దిగేలా.
నోరు మూసుకున్నాను.
ఆ రాత్రికి ప్రపంచంలో ఉక్కు దవడల్లేవు,
వాడి రెండు చేతులే.

రెండో భాగం, వంతెన.
అదెంత బాగుందో ఇప్పుడు చెప్పను.
చెబితే మూడోదాన్ని ఇక్కడే పాతిపెట్టినట్టు.

తర్వాత నాలుగేళ్లు. విడుదల రెండుసార్లు వాయిదా.
ఈలోగా ఫర్హీన్‌కి అబర్డీన్‌లో ఉద్యోగం,
సముద్రంలోంచి చమురు తోడే కంపెనీలో.
మూడోది కలిసే చూద్దామని రాసుకున్న చీటీ
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద కొన్నాళ్లుండి
ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది.

కాబట్టి నా పక్కన కాలమ్.
మా వర్క్‌షాపు కుర్రాడు, పంతొమ్మిదేళ్లు,
మొదటి రెండూ చూడనివాడు.
"వీడెవడు? ఆవిడెందుకు ఏడుస్తోంది?"
అడుగుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాను.
చెప్పినకొద్దీ కథ నాకే పలచబడింది,
చుట్టాలు పెరిగినకొద్దీ నీళ్లు కలిపిన చారులా.

మళ్లీ లిఫ్టు వచ్చింది.
ఈసారి వంద లిఫ్టులు, ఒక్కసారే.
వాడికి వంద చేతులు మొలిచాయి, అన్నీ వెలుగువే.
నేను తాళ్లు లెక్కపెట్టడం మొదలెట్టాను.
నాలుగే వేశారు.
తాళ్లు లెక్కపెట్టే మనిషిని
ఇక ఏ వీరుడూ కాపాడలేడు.

కానీ ఒక చోటుంది.
బలమంతా పోయాక, ఇరుకు వంటగదిలో,
పక్కింటి ముసలాయన చేతిలోంచి టీకప్పు జారుతుంది.
వాడు చూస్తాడు. చెయ్యి సగం లేస్తుంది.
కప్పు పగులుతుంది.
ఇద్దరూ గొంతుకూర్చుని పెంకులు ఏరతారు.
సంగీతం లేదు, మాటల్లేవు.
హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగింది.
"అరెరే" అన్నారెవరో.
ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి
నావైపు చూశాక తెలిసింది, అన్నది నేనేనని.

తర్వాత మామూలే. ఆకాశం చిరిగింది,
ఊదారంగు మెరుపులు, ముప్పావుగంట,
కూలిన ఊరి మీద మళ్లీ కూలిన ఊరు.
వదిలేయండి.

పేర్లన్నీ పైకి పాకేదాకా కూర్చున్నాం.
చివర్లో ఏదో ఉంటుందంటారు కదా. ఏమీ లేదు.
చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర ఒకమ్మాయి
మేమెప్పుడు లేస్తామా అని చూస్తోంది.
కాలమ్ ఒళ్లు విరుచుకుని అన్నాడు:
"భలే ఉంది. ఇప్పుడు మొదటిది చూడాలి."
వాడికింకా లిఫ్టు పడలేదు. వంతెన విరగలేదు.
కుళ్లుకున్నాను, నిజంగా.

ట్రామ్ స్టాపులో వాన.
ఫోన్‌లో ఫర్హీన్: "ఎలా ఉంది?"

ఐదుకి రెండున్నర అని రాసి చెరిపాను.
సాగదీశాడు అని రాసి చెరిపాను.
నువ్వు పక్కనుంటే బాగుండేదేమో అన్నది
సినిమా సంగతో నా సంగతో తేలక
అదీ చెరిపాను.

చివరికి పంపింది ఇంతే:
"కప్పు పగిలేదాకా ఉండు. తర్వాత లేచి వచ్చేయ్."

"ఏ కప్పు?"

చెప్పలేదు.
రేపు ఆరింటి ఆటకి టికెట్ తీసిందట.