ఫ్యూజు పీకి చూపించు

హైరోడ్డు షాపులో గజేంద్ర అనే పిల్లోడు
మూడు పెట్టెలు చూపించినాడు నాకు.
ఒకటి తెల్లది, నా పాత అన్నం క్యారియర్లు రెండు
పక్కపక్కన పెట్టినంత.
ఒకటి బూడిదరంగుది, వెనక ఇనప రెక్కలు.
మూడోది బ్యాటరీతో జతకట్టేది.
దాని ధర చెప్పేముందు టీ తెప్పించినాడు.

ముప్పైరెండేళ్ళు స్తంభాలెక్కినోడికి
కరెంటంటే ఏందో చెప్తా ఉంటే
వినబుద్దయింది, విన్నా.
పలకల్లో పుట్టేది ఒకే దారిన పోయే కరెంటంట,
ఇంట్లో తిరిగేది ముందుకీ వెనక్కీ ఊగేదంట,
మద్దెలో ఈ పెట్టె దుబాసీ.
"మూడు కిలోవాట్లు చాలు సార్ మీ ఇంటికి."
మా ఇంటికి ఎంత చాలునో దేశమ్మనడగాల.
ఆమె గ్రైండరు తిప్పితే
గిరింపేటలో సగం వీధి కన్ను కొడతాది.

అడగాల్సినవి నేనూ అడిగినా.
పొద్దు మూడు దాటితే పక్కింటోళ్ళ నీళ్ళట్యాంకు నీడ
రెండు పలకల మీదికి పాకతాది.
ఆ రెంటి కోసరం మిగిలిన నాలుగూ పస్తుండాల్నా?
"తెల్లదానికి రెండు నోళ్ళు సార్, దేని తిండి దానిదే."
పడమటి గోడకి బిగిస్తే మే నెల్లో ఉడికిపోదా?
"మెట్ల కింద పెడదాం."
ఆ మాటకి వాడి మీద కొంచెం గురి కుదిరింది.
చెడితే మనిషి యాడినుంచి రావాల?
తెల్లదానికి తిరపతి నుంచి, బూడిదదానికి మద్రాసు నుంచి.
బూడిదదాన్ని పక్కకి జరిపినా.
బ్యాటరీదైతే కరెంటు పోతానే వీధి తీగని వొదిలేసి
మన ఇల్లొక్కటే వెలిగిస్తాదంట.
ఆ దుడ్డుకి నేను ఇంకో గది వేసుకుంటా.

ఆమైన వాడు గొంతు తగ్గించి,
పెళ్ళికూతురి మచ్చ గురించి చెప్పినట్టు చెప్పినాడు:
"తెల్లదానికి ఒక్కటే లోపం సార్.
వీధిలో కరెంటు పోతే ఇదీ ఆగిపోతాది,
నడినెత్తిన ఎండున్నా సరే."

లోపం.

పక్క కుర్చీలో చెంగల్రాయుడున్నాడు.
వస్తానంటే తోడు తెచ్చుకున్నా.
కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూసుంటాడు,
ఎవురో తమ వస్తువుని కాసేపు పట్టుకోమన్నట్టు.
తొంభై ఏడులో, తేనెబండ కాడ,
స్విచ్చి దించి, తాళమేసి,
తాళంచెవి జేబులో పెట్టుకుని నేనే చెప్పినా:
ఎక్కురా, లైను చచ్చింది.
చచ్చిన లైన్లోకి వెనకమాల నుంచి వచ్చింది.
ఏదో పెళ్ళింట్లో జనరేటరు,
వీధి తీగని విడదీయకుండా తగిలించి
పందిట్లో ట్యూబులైట్లు వేసుకున్నారు.
వాళ్ళకి తెలీదు.
తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉండాది.

"ఫ్యూజు పీకి చూపించు" అన్నా.
గజేంద్రకి అర్థం కాలే.
షాపు మిద్దె మీద పలకలుండాయి,
గోడకి అదే తెల్ల పెట్టె పన్జేస్తా ఉంది,
పచ్చ దీపం, సన్నంగా తుమ్మెద రొద.
చెంగల్రాయుడు లేచి
ఎడమచేత్తో తనే పీకినాడు.
నేను వాచీ చూస్తా ఉన్నా.
రెండు సెకండ్లు కూడా కాలే,
రొద తెగింది.
మళ్ళా పెట్టినాడు, అది లేచేదాకా కాచుకున్నాడు,
మళ్ళా పీకినాడు.
నాలుగోసారికి లోపల్నించి ఓనరొచ్చి
"ఏంది సార్ మీ బాధ" అన్నాడు.

ఇయ్యాల మద్యాన్నం కరెంటు పోయింది.
మిద్దె మీద ఆరు పలకలూ ఎండలో ఊరికే పండుకోనుండాయి.
గ్రైండర్లో పిండి సగంలో నిలబడింది.
"అంత లెక్క పోసి, సూర్యుణ్ణి నెత్తిన పెట్టుకుని
చెమట్లు కారస్తా ఉండామే" అని దేశమ్మ.
మెట్ల కిందికి వొంగి
పెట్టెకి చెవి ఆనిచ్చి విన్నా.
చప్పుడు లేదు.
మురకంబట్టు దిక్కున ఎవుడో పిల్లోడు
నడుముకి తాడు బిగించుకుంటా ఉంటాడు.

విసనకర్ర ఇటియ్యి, అన్నా.